కాలేజీలు సరే, నార్త్ హింక్సీ చూశారా?

ఆక్స్‌ఫర్డ్‌లో ఒక్క రోజే ఉంటాం, కాలేజీలు కాక ఇంకేం చూడొచ్చు అని అడిగారు. నార్త్ హింక్సీకి వెళ్ళండి. నగరానికి పడమర, నది దాటగానే వచ్చే చిన్న పారిష్, మన గ్రామ పంచాయతీ లాంటిది. నేనుండేది ఆ పక్కనే బోట్లీలో, పక్షపాతం అనుకున్నా ఫర్వాలేదు. హ్యారీ పాటర్ సినిమా సెట్‌కి నమూనా అయిన క్రైస్ట్ చర్చ్ కాలేజీ డైనింగ్ హాల్లో సెల్ఫీ కోసం టికెట్ కొని క్యూ కట్టడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

మా పెదనాన్నగారు ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు. కాలేజీల ముందు ఆవలిస్తూ తిరిగిన మనిషి, హింక్సీ కొండ మీద కాండ్యుట్ హౌస్ దగ్గర మాత్రం కదిలితే ఒట్టు. చూడ్డానికి చిన్న రాతి కట్టడం, లోపలికి వెళ్ళనివ్వరు కూడా. ఓథో నికల్సన్ అనే లాయరు 1610లలో సొంత డబ్బుతో కట్టించాడు. కొండ ఊటనీళ్ళు ఇక్కడ చేరి, సీసపు గొట్టాల్లో నగరం నడిబొడ్డున కార్‌ఫాక్స్‌కి పారేవి. "పంపు లేదు, మోటారు లేదు. అంతా వాలు మీదే నడిపించాడురా!" అని దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. కార్‌ఫాక్స్‌లో రెండు తొట్లు ఉండేవనీ, పైది విశ్వవిద్యాలయానికి, కిందది ఊరి జనానికనీ చెప్పాను. పకపకా నవ్వారు. "అయితే ఇక్కడా చివరి ఆయకట్టు గొడవేనన్నమాట!"

ఇన్ని నీళ్ళు తాగిన విశ్వవిద్యాలయం హింక్సీకి ఇచ్చిందేమిటి? ఒక అధ్వాన్నపు రోడ్డు. 1874లో ఇక్కడి ప్రొఫెసర్, కళా విమర్శకుడు జాన్ రస్కిన్, ఆటల మీద పెట్టే బలం పనికొచ్చే పని మీద పెట్టండని విద్యార్థుల చేతికి పారలిచ్చి ఇక్కడ రోడ్డు వేయించాడు. తర్వాత పెద్ద రచయిత అయిన ఆస్కార్ వైల్డ్ కూడా అప్పుడు విద్యార్థిగా మట్టి మోశాడు. చూడవచ్చినవాళ్ళు నవ్విపోయారు, రోడ్డేమో కుదరలేదు. అక్కడ పని తెలిసినవాడు రస్కిన్ వెంటబెట్టుకొచ్చిన తోటమాలి డేవిడ్ డౌన్స్. ఈ కథ చెప్పే ప్రతివాళ్ళూ వైల్డ్ పేరే ఎత్తుతారు, ఆయన పేరు ఒక్కరూ ఎత్తరు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. 1904లో రైల్లో గాంధీగారి మనసు మార్చిన పుస్తకం 'అన్‌టు దిస్ లాస్ట్' ఈ రస్కిన్‌దే, కాదనను. కానీ శ్రమ గురించి రాయడం వేరు, రోడ్డు వేయడం వేరు.

అన్నట్టు, స్టేషన్ నుంచి నడిచే వెళ్ళండి, బస్సును నమ్ముకోవద్దు. రైల్వే వంతెన కింద బోట్లీ రోడ్డును 2023 ఏప్రిల్లో మూసి, గడువు మీద గడువు పెంచుకుంటూ పోయారు. ఎన్నిసార్లు ఫిర్యాదు రాసినా ఒకటే జవాబు, "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని.