ఎప్పుడూ కుడిచేతినే చాపుతున్నాడా? ముందు అది చూపించండి

ప్రశ్న: మా బాబుకు పది నెలలు నిండాయి. రెండు నెలలు ముందే, 1.6 కిలోల బరువుతో పుట్టాడు. కొన్నాళ్లు ఇంక్యుబేటర్ పెట్టెలో ఉంచారు. ఇప్పటికీ ఆసరా లేకుండా కూర్చోలేడు, పాకడం లేదు. ఎదురింటి పాపదీ ఇదే వయసు, మంచం పట్టుకుని నిలబడుతోంది. మావాడు హుషారే, ఏ బొమ్మ చూపించినా కుడిచేత్తో లాగేసుకుంటాడు. మందుల షాపులో ఇచ్చిన కాల్షియం సిరప్ రెండు నెలలుగా పోస్తున్నాం. మా అత్తగారు వాకర్ కొనమంటున్నారు. ఏది మంచిది?
- ఒక తల్లి, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: వాకర్ వద్దమ్మా. దానివల్ల నడక తొందరగా రాదు సరికదా, గడప దగ్గరో మెట్ల దగ్గరో బోల్తా పడితే తలకు దెబ్బ. కెనడాలో 2004లోనే నిషేధించారు. మీరు రాసినదాంట్లో నాకు టెన్షన్ పెట్టింది వేరే మాట: కుడిచేత్తో లాగేసుకుంటాడన్నది.

ఏడాదిలోపు పిల్లలు రెండు చేతులనూ దాదాపు సమానంగా వాడాలి. కుడివాటమో ఎడమవాటమో తేలేది ఆ తర్వాతే. ఇప్పుడే ఒక చేతినే వాడుతున్నాడంటే, రెండోది ఎందుకు రావడం లేదో చూడాలి. ఈ పూటే గమనించండి. బొమ్మను ఎడమ పక్కన పెట్టి, కుడిచేతిని మెల్లగా పట్టుకోండి. ఎడమచేయి చాపుతాడా? ఆ పిడికిలి ఎప్పుడూ బిగించి, బొటనవేలు లోపలికి మడిచి ఉంటోందా? నీళ్లు పోసేటప్పుడు రెండు కాళ్లూ ఒకేలా తన్నుతున్నాడా, ఒకటి బిగుసుకుంటోందా? నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో మెదడులో ఒక పక్క దెబ్బతిన్నా ఇలా ఉండొచ్చు, కాన్పులో చేతి నరం లాగినా ఉండొచ్చు, ఏమీ లేకపోనూ వచ్చు. బిడ్డను చూడకుండా నేను తేల్చలేను.

కూర్చోవడం గురించి మాత్రం అంత కంగారు అక్కర్లేదు. రెండు నెలలు ముందు పుట్టాడు కాబట్టి ఎదుగుదల లెక్కకు వాడికి ఎనిమిది నెలలే. రెండేళ్లు వచ్చేదాకా ఇలాగే లెక్కేస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో ఆసరా లేకుండా కూర్చోవడానికి సుమారు 9 నెలల దాకా, సొంతంగా నడవడానికి 17 నెలలు దాటే దాకా గడువుంది. కొందరు పాకకుండానే నడిచేస్తారు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు చేసుకోండి, కానీ ఎదురింటి పాపను చూసి తేదీలు పెట్టుకోవద్దు.

కాల్షియం ఎవరు రాశారు? కూర్చోవడం ఆలస్యమైన ప్రతి బిడ్డకూ అది మందు కాదు. నెలలు నిండని పిల్లలకు తప్పనిసరిగా కావాల్సినవి ఐరన్, విటమిన్ డి చుక్కలు. వాటి గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. రక్తం తక్కువైన బిడ్డ నీరసంగా ఉంటాడు, కదలికలూ మందగిస్తాయి. కాల్షియంతో కలిపి పోస్తే ఐరన్ సరిగా ఒంటికి పట్టదు కూడా. థైరాయిడ్ లోపం, బి12 లోపం కూడా పిల్లల్ని వెనక్కి లాగుతాయి. ఏ పరీక్ష కావాలో చూసిన డాక్టరు నిర్ణయిస్తారు. చీర ఉయ్యాల్లో, చంకలో రోజంతా గడిపే పిల్లలకు కండ బలపడే వీలుండదు. మెలకువగా ఉన్నప్పుడు చాప మీద బోర్లా వేయండి, మీరు పక్కనే ఉండండి.

మీ వైపు నుంచి వచ్చేవాళ్లలో నాకు కోపం తెప్పించేది ఒకటే. ‘మగపిల్లలు కాస్త నెమ్మది, వాళ్ల నాన్నా లేటుగానే నడిచాడు’ అని కొన్నాళ్లు, ‘కోతలయ్యాక విశాఖ తీసుకెళ్దాం’ అని మరికొన్నాళ్లు గడిపేస్తారు. ఫిజియోథెరపీ ఎంత చిన్న వయసులో మొదలైతే అంత ఫలితం. ముందు గుణుపురంలోనే పిల్లల డాక్టరుకు చూపించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రి కేంద్రాల్లో ఇలాంటి పిల్లలను ఉచితంగా చూస్తారు, అంగన్‌వాడీలో అడిగితే పంపుతారు. స్కానింగ్ అవసరమైతే బరంపురమో విశాఖో వాళ్లే చెబుతారు. టీకాల కార్డు ఒడియాలో ఉందని మూల పడేయకండి, ఏ వయసుకు ఏం చేయాలో అందులో బొమ్మలేసి ఉంటుంది.

ఈ వారంలోనే వెళ్లండి. ఒళ్లు ముడుచుకుని వెంటవెంటనే ఉలిక్కిపడుతున్నా, ఫిట్స్ వచ్చినా, అప్పటికే నేర్చుకున్న పనులు మానేసినా అదే రోజు వెళ్లాలి. పుట్టినప్పటి డిశ్చార్జి కాగితాలు, ఆ సిరప్ సీసా వెంట తీసుకెళ్లండి.