జనరేటరును ఇంటి వైరింగుకు కలిపే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి శ్రీనివాసుకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు జనరేటరు కొన్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు సంతోషించాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత ఉద్దానంలో మీరు ఎన్ని రాత్రులు చీకట్లో గడిపారో, బావగారి ఇన్సులిన్‌ను చల్లగా ఉంచడానికి మీ అమ్మ దాన్ని తడిగుడ్డ చుట్టిన కుండలో పెట్టి ఎంత అవస్థ పడిందో నాకు తెలుసు కనుక, ఈ ఖర్చు దండగ అని నేను ఎన్నటికీ అనను. కానీ నిన్న నువ్వు పంపిన ఫొటోలో, రెండు కొసలకూ మూడు పిన్నుల ప్లగ్గులు బిగించిన వైరును చూసిన తరువాత నాకు నిద్ర పట్టలేదు. ఒక కొసను జనరేటరులో, రెండో కొసను వాషింగ్ మెషీన్ సాకెట్లో పెట్టి మెయిన్ స్విచ్ దించితే ఇల్లంతా వెలుగుతుందని మీ ఎలక్ట్రీషియన్ చెప్పాడని రాశావు. వెలిగే మాట నిజమే. అయినా, ముప్పై నాలుగేళ్లు స్తంభాలెక్కి, ఎక్కేవాళ్లను పంపి, లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాడిగా చెబుతున్నాను, ఆ వైరు మీ ఇంట్లో ఉండకూడదు.

అదే తుఫాను తరువాత నాలుగో రోజున మేము ఒక ఊళ్లో పడిపోయిన స్తంభాలు నిలబెట్టి, పొరుగు జిల్లా నుంచి సాయానికి వచ్చిన కుర్రాళ్లతో ఎల్‌టీ తీగలు, అంటే ట్రాన్స్‌ఫార్మరు నుంచి ఇళ్లకు వెళ్లే తీగలు, లాగిస్తున్నాము. ఎల్‌సీ, అంటే లైను ఆపి పని చేసుకోవడానికి అనుమతి, తీసుకున్నాము, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరిచి, కరెంటు రాకుండా తాళం వేశాము, ఊరికి కరెంటు వచ్చే దారి ఎక్కడా లేదనే అనుకున్నాము. ఒక కుర్రవాడు స్తంభమెక్కి, చేయి వేయబోయే ముందు అలవాటు ప్రకారం ఎర్త్ రాడ్డును, అంటే తీగలో మిగిలిన కరెంటును భూమిలోకి పంపే కడ్డీని, తీగలకు తగిలించాడు. చిటుక్కున నీలిరంగు నిప్పురవ్వ లేచింది. ఆ క్షణంలోనే రెండు వీధుల అవతల గుడగుడమంటున్న జనరేటరు ఒకటి మూలిగినట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. కింద నిలబడిన మాకెవరికీ కాసేపు నోట మాట రాలేదు. వెతుక్కుంటూ వెళ్తే, ఒక ఇంటి వరండాలో నువ్వు పంపిన ఫొటోలో ఉన్నలాంటి వైరే కనిపించింది. ఆ ఇంటాయన చెడ్డవాడు కాదు, పసిబిడ్డ ఉక్కపోతకు ఏడుస్తుంటే ఫ్యాను తిప్పుకోవాలనుకున్నాడు. మెయిన్ దించడం మరిచిపోయాడు, అంతే. ఆ కుర్రవాడు ఆ రోజు రాడ్డు తగిలించకుండా చేయి వేసి ఉంటే వాళ్ల అమ్మకు మేమేమని చెప్పుకునేవాళ్లమో ఇప్పటికీ నాకు తోచదు.

మీటరు నుంచి ఇంట్లోకి కరెంటు వచ్చిన తీగల మీదుగానే ఇంట్లో పుట్టిన కరెంటు బయటికీ పోతుంది. ట్రాన్స్‌ఫార్మరుకు ఎటు నుంచి ఎటు అనే తేడా లేదు. 11 వేల వోల్టులను మన ఇళ్లకు తగ్గించి ఇచ్చే ఆ పెట్టెకే ఇటువైపు నుంచి 230 వోల్టులు ఇస్తే, అటువైపు ఇంచుమించు పది వేల వోల్టులు తయారవుతాయి. ఊరంతటి లోడు మీద పడితే చిన్న జనరేటరు ఆగిపోతుంది కదా అని కొందరు వాదిస్తారు. మామూలు రోజుల్లో ఆగవచ్చును గానీ, తుఫానులో తీగలు ఎక్కడికక్కడ తెగిపోయి నీ వైపు నాలుగిళ్లే మిగిలినప్పుడు అది ఆగదు, ఆ ముక్క లైనును బతికించి ఉంచుతుంది. పైగా ఆ వైరు సాకెట్లోంచి జారి కింద పడితే బయటికి కనిపించే పిన్నుల్లోనే 230 వోల్టులు ఉంటాయి, పక్కన పిల్లలు తిరుగుతుంటారు. మెయిన్ పైకే ఉండగా లైను కరెంటు వచ్చిందంటే రెండు కరెంట్లు ఎదురుబొదురుగా కలిసి జనరేటరు కాలిపోతుంది, ట్యాంకులో పెట్రోలు ఉందని గుర్తుంచుకో.

దీనికి మందు ఛేంజోవర్ స్విచ్. దాని పిడి ఒక వైపు ఉంటే ఇల్లు లైనుకు కలుస్తుంది, రెండో వైపు ఉంటే జనరేటరుకు కలుస్తుంది, నడుమ ఉంటే దేనికీ కలవదు. రెండింటికీ ఒకేసారి కలవడం దాని నిర్మాణంలోనే వీలుకాదు. నీ జ్ఞాపకశక్తి మీద గానీ, తొందరలో ఉన్న మీ తమ్ముడి జ్ఞాపకశక్తి మీద గానీ ఎదుటివాడి ప్రాణం ఆధారపడకూడదు కాబట్టే మెయిన్ దించితే చాలదా అన్న మాటకు నేను ఒప్పుకోను. మీది సింగిల్ ఫేజ్ ఇల్లు కనుక రెండు పోల్స్ ఉన్నదాన్ని, అంటే కరెంటు తెచ్చే ఫేజు తీగతోపాటు దాన్ని తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్‌ను కూడా మార్చేదాన్ని, ఐఎస్ఐ గుర్తు చూసి, మీ మెయిన్ ఆంపియర్లకు తగ్గకుండా కొను. మీటరుకూ మీ డీబీకీ, అంటే ఇంట్లోని స్విచ్‌ల పెట్టెకీ, మధ్య దాన్ని బిగించాలి. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే ఆ పని చేయించు. ఖర్చు తగ్గుతుందని ఫేజు ఒక్కదాన్నే మార్చే స్విచ్ వేస్తానంటే ఒప్పుకోవద్దు. జనరేటరు నుంచి స్విచ్ దాకా వచ్చే తీగ మూడు కోర్ల రాగి తీగ కావాలి, నీ 2.8 కేవీఏ యంత్రం దాదాపు 12 ఆంపియర్లు ఇస్తుంది కనుక పది మీటర్ల లోపు దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్లది సరిపోతుంది, దూరం పెరిగితే 4 వేయించు.

ఎర్త్ విషయంలో మన ఎలక్ట్రీషియన్లలో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. చిన్న జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్ దేనికీ కలవకుండా విడిగా ఉంటుంది. అలాంటి యంత్రం మీద ఇల్లు నడుస్తున్నప్పుడు, ఫ్రిజ్ బాడీకి కరెంటు తగిలినా మీ డీబీలోని 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్, పడిపోకపోవచ్చు, ఎందుకంటే లీకైన కరెంటు తిరిగి జనరేటరుకు చేరే దారి ఉండదు. అందుకని జనరేటరు బాడీని ఇంటి ఎర్త్‌కు కలిపించడంతోపాటు, న్యూట్రల్ ఎర్త్‌కు కలిసి ఉందో లేదో మల్టీమీటరు పెట్టి చూడమని, లేకపోతే జనరేటరు దగ్గర ఒక్క చోటనే కలపవచ్చునేమో తయారీదారు ఇచ్చిన పుస్తకం చూసి నిర్ణయించమని అడుగు. అయిపోయిన తరువాత జనరేటరు నడుస్తుండగా ఆర్‌సీసీబీ టెస్టు బటన్ నొక్కి చూడాలి, కానీ ఆ బటన్ పనిచేసినంత మాత్రాన ఎర్త్ బాగున్నట్టు కాదు, అందుకే మల్టీమీటరుతో చూడమంటున్నాను.

వానకు తడుస్తుందని జనరేటరును వరండాలోకో, మెట్ల కిందికో తీసుకురావద్దు. కరెంటు కంటే ముందు పొగే మనిషిని తీసుకుపోతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మగతగా మొదలై నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలుపులు, కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో, మీ పెరట్లో కొబ్బరిచెట్ల అవతల, పొగగొట్టం ఇంటికీ పొరుగువారికీ ఎదురుగా కాకుండా తిప్పి, చుట్టూ గాలి ఆడేలా పైన మాత్రం రేకు వేసి పెట్టు. ఇంట్లో ఇద్దరికి ఒకేసారి తల తిరిగినట్టుంటే ముందు అందరూ బయటికి వచ్చేయండి, తరువాత 108కి ఫోను చేయండి. పెట్రోలు పోయాలంటే ఇంజను ఆపి, చల్లారేదాకా ఆగాలి.

లోడు గురించి మీ అమ్మకు ముందే నచ్చజెప్పు. ఫ్రిజ్, నాలుగు ఫ్యాన్లు, లైట్లు, సెల్‌ఫోన్లు హాయిగా నడుస్తాయి. బోరు మోటారు 1 హెచ్‌పీది నడిచేటప్పుడు సుమారు 1,100 వాట్లే తీసుకున్నా, స్టార్టయ్యే క్షణంలో దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది కాబట్టి ఆ మోటారును దీని మీద వేయవద్దు, తుఫాను హెచ్చరిక వినగానే నీళ్ల ట్యాంకు నింపి పెట్టుకోండి. ఇన్వర్టరు ఉన్నదని మరిచిపోవద్దు. ఖాళీ అయిన బ్యాటరీ చార్జింగుకే చాలా వాట్లు పోతాయి, కావలసినప్పుడే దాన్ని కలుపు. ముందు ఇంట్లో ఎంసీబీలన్నీ, అంటే డీబీలోని ఒక్కో భాగానికి ఉన్న చిన్న స్విచ్‌లన్నీ, దించి, ఛేంజోవర్‌ను నడుమకు తెచ్చి, జనరేటరును స్టార్టు చేసి, రెండు మూడు నిమిషాలు ఖాళీగా నడవనిచ్చి, అప్పుడు పిడిని జనరేటరు వైపు తిప్పి, ఫ్రిజ్‌తో మొదలుపెట్టి ఒక్కొక్క ఎంసీబీ ఎత్తాలి. ఆపేటప్పుడు ఎంసీబీలు దించి, పిడిని నడుమకు తెచ్చిన తరువాతే ఇంజను ఆపాలి. ఈ వరుసను పెద్ద అక్షరాలతో రాసి స్విచ్ పక్కన అతికించు, నువ్వు ఊళ్లో లేనప్పుడు మీ నాన్న చేయవలసి రావచ్చు.

స్విచ్ బిగించేలోగా కరెంటు పోతే కంగారుపడవద్దు. జనరేటరు మీద ఉన్న సాకెట్లోంచే మంచి మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ తీగ వేసి, ఫ్రిజ్‌ను, ఒక ఫ్యానును నేరుగా దానికే పెట్టుకోండి. ఇంటి వైరింగుతో సంబంధం ఉండదు, బావగారి మందుకు ఇబ్బందీ రాదు.

ఆ రెండు ప్లగ్గుల వైరును ఈ రోజే కటింగ్ ప్లయరుతో ఒక కొస దగ్గర కత్తిరించి, ఫొటో తీసి నాకు పంపు. దీపావళికి వచ్చినప్పుడు టెస్టు బటన్ నేనే నొక్కి చూస్తాను, ఎలక్ట్రీషియన్‌ను కూడా ఆ రోజు రమ్మని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య