బోర్డర్‌లో ఉన్న షుగర్ గురించి, కిరణ్‌కి

చిరంజీవి కిరణ్‌కి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన రిపోర్టు పేజీ చూశాను. హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ లెక్క, 6.1. దాని కింద నువ్వు రాసింది కూడా చూశాను: "బోర్డర్‌లోనే ఉందట పెద్దమ్మా, కంగారేం లేదు." ఆ 'బోర్డర్‌లోనే' అన్న మాట చదివాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

మీ పెదనాన్నకి నలభై ఆరో ఏట ఇదే చెప్పారు. పరగడుపు షుగర్ 112. వంద దాటితే జాగ్రత్తపడాలి, 126కి చేరితే జబ్బు కిందే లెక్క. ఇంకా దూరం ఉందిలే అనుకున్నాం. ఏటా షుగర్ ఒక్కటే చూపించుకునేవారు. 115, 118 దగ్గరే ఉంటే సంతోషించేవాళ్లం. బీపీ, కొలెస్ట్రాల్ మాట ఎవరూ ఎత్తలేదు. ముప్పై ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసిన నేనూ ఎత్తలేదు.

ఆరేళ్ల తర్వాత ఒక రాత్రి భోజనమయ్యాక ఛాతీ బరువుగా ఉందన్నారట. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నారు. నేను నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి మంచం మీద ఎడమ దవడ పట్టుకుని కూర్చున్నారు. బనియన్ చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయింది. స్టెంట్ వేశారు, దేవుడి దయవల్ల బయటపడ్డారు. అక్కడ చేసిన హెచ్‌బీఏ1సీ ఎంతో తెలుసా? 6.2. అది 6.5కి చేరితేనే జబ్బు అంటారు, కాబట్టి గుండెపోటు వచ్చిన రోజుకి కూడా లెక్క ప్రకారం ఆయన షుగర్ పేషెంటు కాదు.

గుండె 6.5 వచ్చేదాకా ఆగదు నాన్నా. పొట్టలోనూ లివర్‌లోనూ కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదు. క్లోమం ఇంకాస్త ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి కొన్నేళ్లు నెట్టుకొస్తుంది, కాబట్టి షుగర్ కొంచెమే పెరిగినట్టు కనిపిస్తుంది. ఈలోగా రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు పెరుగుతుంది, మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, బీపీ ఎక్కుతుంది. రక్తనాళాలు పాడవడం అక్కడే మొదలు.

ముందు ఇంట్లో కుట్టుపని టేపు తియ్యి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ సరిగ్గా మధ్యలో చుట్టు. ఊపిరి వదిలాక చూడు, పొట్ట లోపలికి లాక్కోకు. మనవాళ్లలో మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. ప్యాంటు సైజు చూసి మోసపోవద్దు, ప్యాంటు కట్టేది పొట్ట కింద.

తర్వాత లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష), లివర్, కిడ్నీ పరీక్షలు చేయించుకో. ట్రైగ్లిజరైడ్స్ 150 లోపు, మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ 40 పైన ఉండాలి. బీపీ 130/85 దగ్గర తిరుగుతుంటే అది మామూలే అని వదిలెయ్యకు. మెట్లెక్కి వచ్చీ రాగానే కాదు, ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక చూడాలి. చెడు కొలెస్ట్రాల్‌కి డాక్టరు మాత్ర రాస్తే, ఎవరో వీడియోలో చెప్పారని మానెయ్యకు. సిగరెట్ ఉంటే ఈ రోజే ఆపెయ్యి. దాని గురించి ఇంకేం చెప్పను.

తిండి దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. రాత్రి అన్నం మానేసి నాలుగు చపాతీలు తింటారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. రాగి జావ కూడా గ్లాసులకి గ్లాసులు తాగితే షుగరే. అన్నం మానొద్దు, కొలత పెట్టుకో. కంచంలో సగం కూర, ఆకుకూర ఉండాలి. పప్పు గట్టిగా వండమను, గుడ్డో శనగలో చేర్చు. ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం కలుపుకో. ఆవకాయ నాలిక్కి రాసుకునేంత చాలు, అందులోని ఉప్పు బీపీకి పడదు.

రాత్రి తిన్న వెంటనే సోఫాలో కూలబడకు. పదిహేను నిమిషాలు నడువు. నడిచే కండరాలు రక్తంలోని షుగర్‌ని లాగేసుకుంటాయి. చెన్నైలో నీలా బోర్డర్‌లో ఉన్నవాళ్లని దాదాపు మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు చెప్పారు. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో బరువు పెద్దగా తగ్గకపోయినా, షుగర్ జబ్బుగా మారే ముప్పు నాలుగో వంతుకి పైగా తగ్గింది. చైనాలోని దాచింగ్‌లో 1986లో మొదలుపెట్టి ముప్పై ఏళ్లు చూశారు. అక్కడ గుండెజబ్బులూ, వాటివల్ల మరణాలూ కూడా తగ్గాయి. ఆరేళ్లు నేర్పిన అలవాట్లకి అంత ఫలితం. మీ పెదనాన్నకి ఆ ఆరేళ్లు వృథాగా పోయాయి.

ఛాతీలో బరువు, దవడ నొప్పి, కారణం లేకుండా చెమటలు వస్తే గ్యాస్ అని సర్దిచెప్పుకోకు, వెంటనే 108కి ఫోన్ చెయ్యి. ఈ మాట ఇంట్లో అమ్మాయికి కూడా చెప్పి ఉంచు.

శనివారం పరగడుపున వెళ్లి రక్తం ఇచ్చిరా. రిపోర్టు రాగానే పంపు. షుగర్ పేజీ ఒక్కటే కాదు, మొత్తం.

మీ పెద్దమ్మ