చెయ్యి చేసుకోకపోతే హింస కాదా?

ప్రశ్న: మాకు పెళ్లయి ఆరేళ్లయింది. నా భర్త నా మీద ఏనాడూ చెయ్యి చేసుకోలేదు; బయటివారందరూ ఆయన్ను నెమ్మదస్తుడనే అంటారు. కానీ ముందురోజు తాను అన్న మాటను గుర్తుచేస్తే ‘నేనలా అనలేదు, నువ్వే ఊహించుకున్నావు’ అని కొట్టిపారేస్తారు. ఒక్కోసారి మూడు నాలుగు రోజులు పలకరించరు. కారణం అడిగితే ‘నీకే తెలియాలి’ అంటారు. తర్వాత ఉన్నట్టుండి ఎంతో ప్రేమగా మారిపోయి, కన్నీళ్లు పెట్టుకుని క్షమించమంటారు. నా చిన్ననాటి స్నేహితురాలంటే ఆయనకు గిట్టదని ఆమెతో మాట్లాడటం నేనే మానేశాను. ఈ మధ్య నా జ్ఞాపకశక్తి మీద నాకే అనుమానం వచ్చి, మా మధ్య జరిగిన సంభాషణలను ఫోన్‌లో రాసిపెట్టుకుంటున్నాను. లోపం నాలోనే ఉందా? దీన్ని హింస అనవచ్చా?
- పేరు వెల్లడించవద్దన్న పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టినవి ఫోన్‌లో మీరు దాచుకుంటున్న ఆ రాతలే. ఎదుటివారికి చూపడానికి సాక్ష్యం దాచుకోవడం వేరు, విన్నది నిజంగానే విన్నానని తనకు తాను నచ్చజెప్పుకోవడానికి దాచుకోవలసి రావడం వేరు. కలిసి బతికే ఇద్దరిలో ఒకరికి గుర్తున్న మాట మరొకరికి గుర్తులేకపోవడం మామూలే. అయితే మామూలు మరపులో పొరపాటు ఒకసారి మీదైతే మరోసారి ఆయనది అవుతుంది. మీ ఇంట్లో ప్రతిసారీ తప్పు మీ జ్ఞాపకానిదే అవుతోంది, ప్రతిసారీ జవాబు చెప్పుకోవలసిన అవసరం ఆయనకు తప్పిపోతోంది. ఈ తీరునే మానసిక నిపుణులు గ్యాస్‌లైటింగ్ అంటున్నారు.

దీన్ని హింస అనవచ్చు. భారతదేశంలో 2005 నాటి గృహహింస చట్టం శారీరక, లైంగిక హింసలతో పాటు మాటలతోనూ మానసికంగానూ చేసే వేధింపును, ఆర్థిక వేధింపును కూడా గృహహింసగానే పరిగణిస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015లో చేసిన చట్టం ప్రకారం భాగస్వామిని పదేపదే అదుపు చేసే ప్రవర్తనకు అయిదేళ్ల వరకూ జైలుశిక్ష పడవచ్చు. ఆ చట్టంలో ఒక్క సంఘటన ఎంత ఘోరమైనదన్న దానికన్నా, ఆ ప్రవర్తన ఎంతకాలంగా పునరావృతమవుతోంది, బాధితుల దైనందిన జీవితాన్ని ఎంతగా మార్చేసింది అన్నవే ముఖ్యం. మీరూ అదే కొలతతో చూసుకోవాలని నా అభిప్రాయం. ఆయన స్వభావం మంచిదా చెడ్డదా అన్న విచారణలో పడితే ఆ కన్నీళ్లు గుర్తొచ్చి మళ్లీ మొదటికే వస్తారు. ఆరేళ్ల కిందట మీరు స్వేచ్ఛగా చేసిన పనుల్లో ఈనాడు ఏవేవి మానేశారో, దేనికి ముందు ఆయన ముఖం ఎలా ఉందో చూసుకుంటున్నారో లెక్క వేసుకోండి.

ఆ లెక్కలో మొదట వచ్చేది మీ స్నేహితురాలు. ‘నేనే మానేశాను’ అని రాశారు. ఆ మాట దగ్గర కాసేపు ఆగండి. మనిషిని ఒంటరిని చేయాలనుకునేవారు ‘ఫలానావారితో మాట్లాడకు’ అని శాసించనక్కర్లేదు. ఆమె ఫోన్ వచ్చిన ప్రతిసారీ ముఖం ముడుచుకుంటే చాలు, ఆమెను కలిసి వచ్చిన రోజున పలకరించకుండా ఉంటే చాలు. కొన్నాళ్లకు ఇంట్లో ప్రశాంతత కోసం ఆ స్నేహాన్ని మీ చేతులతో మీరే తుంచుకుంటారు, ఆ నిర్ణయం మీదేనని కూడా నమ్ముతారు. పైగా ‘లేదు, ఆ మాట ఆయన నిజంగానే అన్నారు’ అని చెప్పగలిగే మనిషి ఒక్కరూ మీ దగ్గర మిగలరు.

మౌనం సంగతి చూద్దాం. ‘ఇప్పుడు కోపంలో ఉన్నాను, రేపు మాట్లాడుకుందాం’ అని పక్కకు వెళ్లడంలో తప్పు లేదు. కారణం చెప్పకుండా రోజుల తరబడి సాగి, మీరు దేనికో తెలియకుండానే క్షమాపణ చెప్పుకున్నాక మాత్రమే ముగిసే మౌనం శిక్ష. ఒక గొడవ మీ ఫిర్యాదుతో మొదలై మీ క్షమాపణతోనే ముగుస్తోందా అన్నది కూడా గమనించండి. జరిగిందాన్ని కాదనడం, అడిగినవారి మీదే విరుచుకుపడటం, చివరికి బాధితుల స్థానంలో తామే కూర్చోవడం అనే వరుసను అమెరికన్ మనస్తత్వవేత్త జెన్నిఫర్ ఫ్రైడ్ 1997లో వివరించారు. లోపం నాలోనే ఉందా అన్న మీ ప్రశ్న ఇలాంటి గొడవల నుంచే పుట్టి ఉండవచ్చు.

ఇక ఆ ప్రేమ, ఆ కన్నీళ్లు. అవి నటనేనని నేను అనను. ఆ క్షణంలో ఆయన నిజంగానే బాధపడుతూ ఉండవచ్చు. కానీ పశ్చాత్తాపాన్ని నమ్మవలసింది తర్వాతి నెలల్లో కనిపించే మార్పును బట్టి. ఎప్పుడు వస్తుందో తెలియని ఆదరణ, ఎప్పుడూ దొరికే ఆదరణ కన్నా మనిషిని గట్టిగా కట్టిపడేస్తుంది. బాధపెట్టిన చేతులే ఓదార్చినప్పుడు ఆ బంధం ఎందుకంత తెంచుకోలేనిదిగా మారుతుందో డోనాల్డ్ డటన్, సుసాన్ పెయింటర్ అనే పరిశోధకులు 1980ల తొలినాళ్లలోనే రాశారు. కాబట్టి ఆయన మీద మీకు ఇంకా ప్రేమ ఉండటం మీ బలహీనత కాదు, హింస జరగలేదనడానికి రుజువూ కాదు.

ఆ రాతలను కొనసాగించండి, అయితే ఆయన చూడగలిగే ఫోన్‌లో వద్దు. స్నేహితురాలికి ఒక్కసారి ఫోన్ చేయండి. ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదో సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. కౌన్సెలర్ వద్దకు మొదట ఒంటరిగానే వెళ్లండి. ఒకరికి ఒకరంటే భయం ఉన్నచోట ఇద్దరినీ కూర్చోబెట్టే కౌన్సెలింగ్ మేలు చేయకపోగా, అక్కడ నోరు విప్పి చెప్పిన మాటకు ఇంటికొచ్చాక మూల్యం చెల్లించవలసి రావచ్చు. బెదిరింపులు మొదలైనా, గొంతు మీద చెయ్యి పడినా ఇక ఆలస్యం చేయవద్దు. భారతదేశంలో 181 మహిళా హెల్ప్‌లైన్, అత్యవసరమైతే 112 పనిచేస్తాయి. విడిపోవాలని నిశ్చయించుకుంటే ఆ మాట ఆయనకు చెప్పకముందే ఎక్కడ ఉండాలో, ఎవరికి తెలియజేయాలో ఏర్పాటు చేసుకోండి; ఇటువంటి సంబంధాల్లో విడిపోయే సమయంలోనే ప్రమాదం పెరుగుతుంది.

ప్రశ్న: నేను ప్రేమించిన అమ్మాయి నా ఫోన్ పాస్‌వర్డ్‌లన్నీ తీసుకుంది. ఎప్పుడు ఎక్కడున్నానో ఫొటో తీసి పంపాలి. దూరం జరుగుతానంటే చచ్చిపోతానంటోంది. మగవాణ్ని, ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఏం చేయాలి?
- ఒక యువకుడు

జవాబు: నవ్వేవారు నవ్వనివ్వండి, మీ మీద జరుగుతున్నదీ వేధింపే. చచ్చిపోతాననే మాటను మాత్రం బెదిరింపేలే అని తీసిపారేయవద్దు. అది నిజమైన వేదన కావచ్చు, మిమ్మల్ని ఆపే సాధనమూ కావచ్చు, రెండూ కలిసే ఉండవచ్చు. ఏదైనా మీరు చేయవలసింది ఒక్కటే: ఆ మాట అన్నప్పుడల్లా ఆమె తల్లిదండ్రులకో తోబుట్టువులకో వెంటనే తెలియజేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఆమెకు ఇవ్వండి, ప్రాణాపాయం అనిపిస్తే 112కి ఫోన్ చేయండి. ఆమెకు కావలసిన వైద్యం మీరు ఆ సంబంధంలో ఉండిపోవడం వల్ల అందదు. పాస్‌వర్డ్‌లు ఈ వారంలోనే మార్చుకోండి, మార్చిన సంగతి దాచకుండా ఆమెకు చెప్పండి. దానికి ఆమె ఎలా స్పందిస్తుందో చూశాక మళ్లీ రాయండి.