అంతరిక్షం అంటే పిచ్చి ఉన్న పిల్లల్ని హైదరాబాద్‌లో ఎక్కడికి తీసుకెళ్లాలి?

మీ అమ్మాయి ఎనిమిదో తరగతి అని, రాకెట్లు, గ్రహాలు తప్ప ఇంకో మాట లేదని, డబ్బు కట్టి స్పేస్ క్యాంపులో చేర్పించాలా వద్దా అని అడిగారు. నేను ఇక్కడే ప్రభుత్వ హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. నాకు అనుభవంలో తెలిసింది రాస్తున్నాను.

క్యాంపు సంగతి ముందు చెప్పేస్తాను. మా చెల్లెలి కొడుకుని ఒక చోట చేర్పించాం. రెండు రోజులూ స్లైడ్లు చూపించారు, థర్మాకోల్ రాకెట్ అంటించారు, చివర్లో సర్టిఫికెట్ ఇచ్చారు. ఒక్క రాత్రి కూడా ఆకాశం చూపించలేదు. ఎంతో ఆశగా వెళ్లిన పిల్లాడు దిగాలుగా తిరిగొచ్చాడు. నాకు చాలా బాధేసింది. అన్నీ అలాగే ఉంటాయని అనను. చేర్పించే ముందు మాత్రం ‘పిల్లలు తమ చేత్తో ఏం కొలుస్తారు, ఏం చూస్తారు’ అని అడగండి.

పైసా ఖర్చు లేకుండా పిల్లల్ని నిజంగా కదిలించింది నేను చూసినంతలో జీరో షాడో డే. హైదరాబాద్‌లో ఏడాదికి రెండుసార్లు, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ క్షణంలో నిటారుగా నిలబెట్టిన వస్తువుకి నీడ ఉండదు. మేలో బడికి సెలవులు, ఆగస్టులో మబ్బులు. అందుకే 2023 మేలో మా తొమ్మిదో తరగతి పిల్లల్ని సెలవుల్లోనే రమ్మన్నాను. పదకొండు మంది వచ్చారు. మజ్జిగ, గొడుగులు పెట్టుకుని గ్రౌండ్‌లో కూర్చున్నాం.

మీటరు పొడవు పీవీసీ పైపు ముక్కని, దారానికి రాయి కట్టి నిటారుగా ఉందో లేదో చూసుకుంటూ నిలబెట్టాం. 12:05కి నీడ రెండు వేళ్ల వెడల్పు ఉంది. పిల్లలు నేల మీద సుద్దముక్కతో గీతలు పెడుతూనే ఉన్నారు. 12:12కి నీడ పైపు కిందికి వెళ్లిపోయింది. అందరూ కేకలు పెడుతుంటే ఒకమ్మాయి మాత్రం చేతిలో సుద్దముక్క అలాగే పట్టుకుని, ‘పన్నెండింటికి కదా పోవాలి, పన్నెండు నిమిషాలు లేటెందుకు టీచర్?’ అంది.

ఆ ప్రశ్నతోనే ఒక గంట గడిచింది. మన దేశమంతటికీ గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తుంది. హైదరాబాద్ దాదాపు 78.5 దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున పదహారు నిమిషాలు ఆలస్యం. భూమి కక్ష్య కచ్చితమైన వృత్తం కాకపోవడం వల్ల, అక్షం వాలు వల్ల మే నెలలో సూర్యుడు మూడు నాలుగు నిమిషాలు ముందే ఉంటాడు. రెండూ కలిపితే 12:12. పాఠంలో చెప్పినప్పుడు ఎవరికీ ఎక్కని రేఖాంశాలు ఆ రోజు ఎక్కాయి.

ఆ అమ్మాయి వాళ్ల అన్నయ్య బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. బెంగళూరు మనకి దాదాపు సూటిగా దక్షిణాన ఉంటుంది. ముందే ఫోన్ చేసి చెప్పి ఉంచాం. ఆయన డాబా మీద మీటరు కర్ర నిలబెట్టి, అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు నీడని కొలిచి ఫొటో పంపాడు. ఎనిమిది సెంటీమీటర్లకి కాస్త తక్కువ. గ్రాఫ్ పేపర్ మీద గీసి కోణం కొలిస్తే నాలుగున్నర డిగ్రీలు. అంటే పూర్తి వృత్తంలో ఎనభయ్యో వంతు. ఇక్కడ నీడే లేదు కాబట్టి, రెండు ఊళ్ల మధ్య దూరం కూడా భూమి చుట్టుకొలతలో ఎనభయ్యో వంతే. మ్యాప్‌లో ఉత్తర దక్షిణాలుగా దూరం 490 కి.మీ. ఎనభైతో గుణిస్తే 39,200. భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కి.మీ. రెండు వేల రెండొందల ఏళ్ల కిందట ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు చేసింది ఇదే. ఆ అమ్మాయికి నమ్మకం కుదరక లెక్కంతా మళ్లీ మొదటి నుంచి వేసింది. అప్పుడూ అదే వచ్చింది.

బిర్లా ప్లానెటోరియానికి తప్పకుండా వెళ్లండి. నౌబత్ పహాడ్ మీద 1985 నుంచి ఉంది, తెలుగులో షో ఉంటుంది. బడి పిల్లలందరితో హడావుడిగా కాకుండా ఒక రోజు మీరిద్దరే తీరిగ్గా వెళ్లండి. పక్కనే సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. అది పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లిలో దొరికింది. ‘మన దగ్గర దొరికిందా!’ అని మా పిల్లలు దాని ముందు నుంచి కదల్లేదు. షో చూసిన రాత్రే డాబా ఎక్కి అందులో చూపించిన వాటిలో ఒక్క నక్షత్రాన్నయినా వెతకండి. వారం ఆగితే ఆ వేడి చల్లారిపోతుంది.

వీలైతే శ్రీహరికోట చూపించండి. రైల్లో సూళ్లూరుపేటలో దిగాలి. రాకెట్ ప్రయోగాలు చూడటానికి 2019లో మొదలైన గ్యాలరీలో అయిదు వేల మంది కూర్చోవచ్చు. ఆన్‌లైన్‌లో పేరు నమోదు ఉచితమే, కానీ త్వరగా నిండిపోతుంది. ప్రయోగం వాయిదా పడొచ్చని ముందే చెప్పండి. చంద్రయాన్-2ని 2019 జులై 15న 56 నిమిషాల ముందు ఆపేశారు, 22న ఎగిరింది. వెలుగు కనిపించాక ఎన్ని సెకన్లకి చప్పుడు వినిపించిందో మీ అమ్మాయినే లెక్కపెట్టమనండి. ఆ సెకన్లని 340తో గుణిస్తే రాకెట్ ఎన్ని మీటర్ల దూరంలో ఉందో వస్తుంది.

ఇక యువిక. 2019లో ఇస్రో మొదలుపెట్టిన ఈ కార్యక్రమం తొమ్మిదో తరగతి వాళ్లకి. వేసవిలో రెండు వారాలు ఇస్రో కేంద్రంలోనే ఉంచి చెబుతారు, ఖర్చు వాళ్లదే. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులు చూస్తారు కాబట్టి ఈ ఏడాది మార్కులు మీకు ముఖ్యం. ఆన్‌లైన్ క్విజ్, సైన్స్ ఫెయిర్లు కూడా లెక్కలోకి వస్తాయి. పల్లెటూరి బడుల పిల్లలకి అదనపు మార్కులున్నాయి. మీ ఊళ్లో చదివే పిల్లలెవరైనా ఉంటే దయచేసి ఈ మాట వాళ్ల చెవిన వేయండి. అర్హత ఉండీ తెలియక అప్లై చేయనివాళ్లు చాలామంది. ఎంపిక కాకపోతే అదే పెద్ద దెబ్బ అనుకోకుండా చూసుకోండి. మా బడి నుంచి ఇద్దరు అప్లై చేస్తే ఇద్దరికీ రాలేదు. వాళ్లలో నీడ కొలిచిన అమ్మాయి ఒకతి. ఇప్పుడు ఇంటర్ ఎంపీసీ చదువుతోంది, మే నెల రాగానే తనే ఫోన్ చేస్తుంది, ‘ఈసారి పైపు ఎవరు తెస్తున్నారు టీచర్?’ అని.

ఆగస్టు 3న మాత్రం నీడ మాయమయ్యే సమయం 12:22 ప్రాంతంలో. మబ్బుగా ఉంటే ముందు రోజో మర్నాడో చూడండి, తేడా కనిపెట్టలేనంత తక్కువ. బెంగళూరులో చుట్టాలెవరైనా ఉన్నారా మీకు?