ఎరుపు కాదమ్మీ, గట్టి చూడు

అమ్మీ,

గుంటలకి క్షయ క్రిమి సోకిందేమో చూసే మాంటూ సూది పరీక్ష చేసే పని నీకే అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగానే ఉంది, గుబులుగానూ ఉంది. ఈ పనిలో సూదికంటే చూపు ముఖ్యం.

సూది నీకొచ్చు. ముంజేయి లోపలివైపు 0.1 మి.లీ., మొన వాలు పైకి పెట్టి, చర్మం పొరలోకే. 6 నుంచి 10 మి.మీ. తెల్లటి బుడిపె లేవకపోతే మందు కిందికి జారినట్టే, 5 సెం.మీ. దూరంలో మళ్ళీ వెయ్యి. రుద్దనివ్వకు. సీసా 2–8 డిగ్రీల చల్లదనంలో, వెలుతురు సోకకుండా ఉండాలి.

సిరిమాను పండగ వారంలో మాత్రం పెట్టుకోకు. సోమవారం తొలేళ్ళ నాడు సూది వేస్తే రెండు రోజులకి, బుధవారం చూడాలి, ఆ రోజుకి పిల్లలు ఏ మేనత్త ఇంట్లో ఉంటారో! శుక్రవారమూ వద్దు, చూపు ఆదివారం మీద పడుతుంది.

ఇక తరతరాలుగా జరుగుతున్న తప్పు: ఎర్రగా ఉన్నంత మేరా స్కేలు పెట్టేయడం. నువ్వూ అదే చేశావంటే మొట్టికాయ తప్పదు. లోపల ఏటవుతోందో తెలిస్తే చెయ్యవు.

చర్మంలో కాపలా కాసే డెండ్రిటిక్ కణాలూ మాక్రోఫేజ్‌లూ నువ్వు ఎక్కించిన ట్యూబర్‌క్యులిన్‌ని, అంటే క్షయ క్రిమి ప్రోటీన్ల మందుని, పట్టి, ముక్కలు చేసి, పైకెత్తి చూపిస్తాయి. క్షయ క్రిమిని ఇదివరకే ఎరిగిన టి కణం (రోగాలతో పోరాడే తెల్లకణం) ఆ ముక్కల్ని గుర్తుపట్టాలి. అలాంటివి ఒంట్లో కొన్నే, వచ్చి చేరడానికే పొద్దు పడుతుంది. వచ్చాక ఇంటర్‌ఫెరాన్ గామా వంటి సంకేతాలు వదులుతాయి. దాంతో రక్తనాళాల గోడలు అంటుకునేలా మారి, నెత్తురులో పోతున్న మోనోసైట్లనే తెల్లకణాలూ, మరిన్ని టి కణాలూ అక్కడ ఆగి లోపలికి దిగుతాయి. అవి కిక్కిరిసి, నెత్తురు గడ్డకట్టేటప్పుడు అల్లుకునే ఫైబ్రిన్ పోగులు పేరుకుని చర్మం గట్టిపడుతుంది. మనం కొలవాల్సింది ఆ గట్టినే. ఎరుపు నాళాలు విచ్చుకున్న గుర్తు మాత్రమే. గోకినా వస్తుంది, నల్లటి ఒంటిమీద సరిగా కనబడదు కూడా. 24 గంటలకే చూశావంటే కణాలింకా దారిలోనే ఉంటాయి. 48–72 గంటల మధ్య చూడు.

కళ్ళు మూసుకుని వేలితో తడుము. బాల్‌పెన్ను బయటినుంచి లోపలికి లాగు, ఆగినచోట అంచు. అవతలి వైపునుంచీ అంతే. ముంజేయికి అడ్డంగా కొలిచి అంకె రాయి, పాజిటివ్ అని కాదు.

నా అసలు భయం 0 గురించే, అంటే గట్టి ఏమీ తగలకపోవడం గురించే. బాగా చిక్కిపోయిన పిల్ల, ఈమధ్యే తట్టు పోసి లేచిన పిల్ల, స్టెరాయిడ్ మందు వాడుతున్న పిల్ల: వీళ్ళలో టి కణాలు సరిగా పలకవు, క్రిమి ఉన్నా చర్మం మెత్తగానే ఉంటుంది. ఆ ఇంట్లో క్షయ దగ్గు ఉంటే 0 చూసి తల్లికి ధైర్యం చెప్పెయ్యకు, డాక్టరు గారికి చూపించు.

స్కేలు పారదర్శకమైనదే కొనుక్కో. వేళకి అన్నం తిను తల్లీ.

మీ పెద్దమ్మ