జీపీ దగ్గర కొలెస్ట్రాల్ లెక్క వేరు

ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో నా కొలెస్ట్రాల్ 6 అని వస్తే తెగ సంబరపడ్డాను. హైదరాబాదులో ఎప్పుడు చూసినా 230 ఉండేది మరి. రెండూ ఒకటేనని జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) దగ్గరి నర్సు చెప్పాక గాలి తీసేసినట్టయింది. ఇండియా రిపోర్టులో మిల్లీగ్రాములు, ఇక్కడ మిల్లీమోల్స్. ఇక్కడి అంకెను 38.7తో గుణిస్తే మన అంకె వస్తుంది.

"కొలెస్ట్రాల్ ఎక్కువుందని తెలిసీ జీపీ మందు రాయలేదన్నా" అని కొత్తవాళ్లు టెన్షన్ పడుతుంటారు. ఆ ఒక్క అంకె చూసి ఇక్కడ మందు రాయరు. వయసు, బీపీ, షుగర్, సిగరెట్, బరువు, చివరికి మనం భారతీయులమన్నది కూడా క్యూరిస్క్ అనే లెక్కలో వేస్తారు. రాబోయే 10 ఏళ్లలో గుండెపోటో పక్షవాతమో వచ్చే అవకాశం ఎంత శాతమో అందులో తేలుతుంది. 10 శాతం, ఆపైన వస్తే తిండి, నడక గురించి చెప్పి కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర అటోర్వాస్టాటిన్ 20 మిల్లీగ్రాముల మాట ఎత్తుతారు. ఇదివరకే గుండెపోటు వచ్చినవాళ్లకు ఈ లెక్కతో పనిలేదు, మామూలుగా 80తోనే మొదలు.

మనవాళ్లు తప్పు చెప్పేది ఇంట్లో గుండె జబ్బుల దగ్గర. నన్నడిగితే లేదన్నాను. నాన్నకు 54వ ఏట గుండెనొప్పి వచ్చి స్టెంట్ వేశారు. ఇప్పుడు నిక్షేపంగా పొలం వెళ్లొస్తున్నారు కదా, అది జబ్బు కిందకి వస్తుందని తట్టలేదు. కన్నవాళ్లకు, తోబుట్టువులకు 60 లోపు గుండెపోటో ఆంజైనానో (గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పి) వస్తే చెప్పాల్సిందే. సరిగా చెప్పాక నా శాతం 7 నుంచి 11కి ఎక్కింది.

మాత్ర మొదలయ్యాక రెండు మూడు నెలలకు మళ్లీ రక్తం తీస్తారు. మంచి కొలెస్ట్రాల్ పోగా మిగిలింది 40 శాతానికి మించి తగ్గిందా, లివర్ ఎలా ఉంది అని చూస్తారు. పరగడుపున వెళ్లక్కర్లేదు. రిపోర్టు బాగుందని మాత్ర ఆపేయకండి, బాగుందంటే అది మాత్ర చలవే. కండరాల నొప్పులొచ్చినా ముందు జీపీకి చెప్పండి, డోసో మందో మారుస్తారు. గ్రేప్‌ఫ్రూట్ రసం జోలికి మాత్రం పోకండి, మన పంపరపనసకు చుట్టమే అది.

గుండె జబ్బు, షుగర్ లాంటివేవీ లేనివాళ్లకు 40 నుంచి 74 ఏళ్ల మధ్య 5 ఏళ్లకోసారి ఉచిత హెల్త్ చెక్‌కు పిలుపొస్తుంది. ఆ ఉత్తరం చెత్తబుట్టలో పడేయకండి. వెళ్లే ముందురోజు ఇంటికి ఫోన్ చేసి, నాన్నకు స్టెంట్ ఏ వయసులో పడిందో అమ్మనడిగి రాసుకోండి. ఆయన్నే అడిగితే "అదెప్పటి సంగతో, వదిలెయ్" అంటారు.